ఎల్‌కేజీకి మగ మాస్టారా అన్నారని మానేస్తానన్న తమ్ముడికి

తమ్ముడూ, అమలాపురంలో ఎల్‌కేజీ చెబుతున్నావు, ఇద్దరు తల్లులు ‘ఆడ టీచరు లేరా?’ అన్నారని మానేస్తానంటున్నావు. కాస్త ఆగు. పాలకొల్లు దగ్గర తొమ్మిదేళ్లుగా నాదీ ఇదే పని.

ముందు బాత్రూముకి తీసుకెళ్లడం, బట్టలు మార్చడం ఆయమ్మకి అప్పజెప్పు. ఆ సంగతి తల్లిదండ్రుల మీటింగులో హెడ్మాస్టరు చేత చెప్పించు, నువ్వు చెబితే సంజాయిషీలా ఉంటుంది. తరగతి తలుపు బార్లా తీసే ఉంచు. నీ మీద అనుమానమని కాదు, ఆడ టీచర్లకైనా అదే పద్ధతి ఉండాలి.

తర్వాత ఆ ఇద్దరినీ ఓ పూట వచ్చి చూడమను. నా దగ్గర ఒకడు వారం రోజులు ఏడుపు ఆపలేదు. కొబ్బరాకు బూర చుట్టి చేతిలో పెడితే ఊది, ముక్కు తుడుచుకుని, ‘ఇంకోటి’ అన్నాడు. కిటికీలోంచి చూసిన వాళ్ల నాయనమ్మ మర్నాటి నుంచి గేటు దగ్గరే దింపేసి వెళ్లిపోయేది.

1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం అనే పసిపిల్లల బడి పెట్టిన గిజుభాయి బధేకా అంతకుముందు వకీలు. ఆయన్ని ‘మీసాలున్న అమ్మ’ అనేవారు. మనకి మీసం అడ్డేంటి?

అంగన్‌వాడీ పోస్టు మీద మాత్రం ఆశ పెట్టుకోకు, అవి ఆడవాళ్లకే. రాజీనామా రాసేముందు హెడ్మాస్టరుతో మాట్లాడు.