ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు: సుఖం సరే, గిట్టుబాటు మాటేమిటి?

ప్రశ్న: పదేళ్లుగా డీజిల్ పికప్ నడుపుతున్నాను. పని రోజుల్లో సామాన్ల రవాణాకు, సెలవుల్లో కుటుంబ ప్రయాణాలకు అదే బండి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక సీట్లో కూర్చున్నవారికి నడుము పట్టేస్తోంది. ఎలక్ట్రిక్ పికప్ కారులా మెత్తగా నడుస్తుందని అంటున్నారు. ఇది నిజమేనా, వట్టి ప్రచారమా?

జవాబు: చాలావరకు నిజమే. అయితే ఆ మెత్తదనం కేవలం కరెంటు మోటారు వల్ల వచ్చేది కాదు. సంప్రదాయ పికప్‌లలో వెనుక చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి, ఆ ఇరుసును కమాను పట్టీలు మోస్తాయి. నిండు బరువును తట్టుకోవడానికి తయారైన ఆ పట్టీలు తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు సరిగా వంగవు కనుక గుంతలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా సీటుకు చేరుతుంది. కొత్త ఎలక్ట్రిక్ పికప్‌లు కొన్నింటిలో ఈ అమరికనే మార్చేశారు. ఫోర్డ్ ఎఫ్-150 పెట్రోలు బండిలో వెనుక కమాను పట్టీలే ఉండగా, దాని ఎలక్ట్రిక్ రూపమైన లైట్నింగ్‌లో వెనుక చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ (కుదుపులను మింగే అమరిక) పెట్టారు. రివియన్ కంపెనీ ఎలక్ట్రిక్ పికప్ ఆర్1టీలో గాలి సస్పెన్షన్ ఉంది, అవసరాన్ని బట్టి బండి ఎత్తును కూడా మార్చుకోవచ్చు. మీ ఇంట్లోవారి నడుము నొప్పికి మందు ఈ సస్పెన్షనే.

ఇక కరెంటు బండి కావడం వల్ల కలిగే సుఖాలు వేరే ఉన్నాయి. ఇంజిన్ అదురు ఉండదు, గేరు మారినప్పటి కుదుపు ఉండదు, బరువైన బ్యాటరీ నేలకు దగ్గరగా ఉండటం వల్ల మలుపుల్లో బండి పక్కకు ఒరగడం తగ్గుతుంది. ఎక్కడైనా గంటసేపు ఆగి వేచి ఉండవలసి వచ్చినా పొగా చప్పుడూ లేకుండా ఏసీ నడుస్తూనే ఉంటుంది.

అయితే బరువును మరచిపోకూడదు. జీఎంసీ హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్ 4,000 కిలోలకు పైగా తూగుతుంది, అందులో బ్యాటరీ ఒక్కటే సుమారు 1,300 కిలోలు. ఇంత బరువున్న బండి పెద్ద ఎత్తుపల్లాలను హుందాగా దాటినా, చిన్న లోతైన గుంతల్లో దబ్బుమని పడుతుంది. పెద్ద రిమ్ములు, పక్క అంచు పొట్టిగా ఉండే టైర్లు వేసిన ఖరీదైన రకాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. అందువల్ల ఒకే మోడల్‌లో రెండు మూడు రకాలు ఉంటే చిన్న రిమ్ము ఉన్నదే తీసుకోమని నా సలహా, చూపుకు కాస్త తక్కువగా కనిపించినా సరే. మరో సంగతి: పాత డీజిల్ చట్రంలోనే బ్యాటరీని అమర్చి, వెనుక కమాను పట్టీలను యథాతథంగా ఉంచిన ఎలక్ట్రిక్ పికప్‌లు కూడా బజారులో ఉన్నాయి. అవి నిశ్శబ్దంగా ఎగరేస్తాయి, అంతే తేడా.

షోరూముకు వెళ్లినప్పుడు డ్రైవరు సీటును మీ ఎత్తుకు సర్దుకుని, దిగి, దాని వెనుక సీట్లో పది నిమిషాలు కూర్చోండి. కొన్ని మోడళ్లలో బ్యాటరీ వల్ల కాళ్ల కింది నేల ఎత్తుగా ఉంటుంది, మోకాళ్లు పైకి లేచి తొడలకు సీటు ఆనదు. ఇది మొదటి నిమిషంలో తెలియదు, రెండు గంటల ప్రయాణంలో బాగా తెలుస్తుంది. నడిపి చూసేటప్పుడు కూడా తొట్టిని ఖాళీగా ఉంచి, వారు చూపించే నున్నటి రోడ్డు మీద కాక మీకు తెలిసిన పాడైన దారిలో నడపండి.

ప్రశ్న: నెలకు మూడు నాలుగు సార్లు ట్రైలర్ తగిలించుకుని దూరం వెళ్లవలసి ఉంటుంది. ఈ బండ్లు 5,000 కిలోల వరకు లాగగలవని ప్రకటనల్లో చూశాను. నమ్మవచ్చునా?

జవాబు: లాగే శక్తి విషయంలో నమ్మవచ్చు. లైట్నింగ్‌కు తగిన అమరికతో దాదాపు 4,500 కిలోలు, రివియన్ ఆర్1టీకీ టెస్లా సైబర్‌ట్రక్‌కూ దాదాపు 5,000 కిలోలు పరిమితిగా ఉన్నాయి. మోటారు కదలిక మొదలైన క్షణం నుంచే పూర్తి బలాన్ని ఇస్తుంది కనుక ఎత్తైన దారిలో ఆగి మళ్లీ కదలడం డీజిల్ బండికంటే తేలిక. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేయనిది ఎంత దూరం లాగుతుందన్నది.

ఎత్తైన పెట్టె వంటి ట్రైలర్‌ను హైవే వేగంతో లాగితే రేంజ్, అంటే ఒకసారి నిండుగా చార్జ్ చేస్తే నడిచే దూరం, సుమారు సగానికి పడిపోతుంది. దీనికి ముఖ్య కారణం బరువుకంటే గాలి. బరువును కొండ ఎక్కించడానికి ఖర్చయిన కరెంటులో కొంత, దిగేటప్పుడు మోటారే బ్రేకుగా పనిచేసి తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. గాలిని చీల్చుకుంటూ పోవడానికి ఖర్చయినది మాత్రం తిరిగి రాదు. అందుకే ఇటుకలు నింపిన పొట్టి ట్రైలర్ కంటే తేలికైన ఎత్తైన ట్రైలర్ ఎక్కువ నష్టం చేయవచ్చు.

ఒక లెక్క చూడండి. పెద్ద బ్యాటరీ ఉన్న లైట్నింగ్‌కు అమెరికా ప్రభుత్వ పరీక్షలో వచ్చిన రేంజ్ 515 కిలోమీటర్లు. ట్రైలర్‌తో అది 260 అవుతుందనుకుందాం. దారిలో ఫాస్ట్ చార్జింగ్ సాధారణంగా 10 నుంచి 80 శాతం వరకే చేసుకుంటాము, ఆపైన చార్జింగ్ వేగం బాగా తగ్గిపోతుంది. అంటే మొదటి విడత తరువాత ప్రతి 180 కిలోమీటర్లకు ఒకసారి సుమారు 40 నిమిషాలు ఆగాలి. పైగా చాలా చార్జింగ్ స్థలాలు కారు ముందుకు వెళ్లి నిలబడేలా కట్టినవే కనుక, ట్రైలర్‌ను విప్పి పక్కన పెట్టి, చార్జింగ్ అయ్యాక మళ్లీ తగిలించుకోవాలి. వానలో ఒక్కసారి ఈ పని చేసినవారికి ప్రకటనలోని 5,000 కిలోల అంకె మీద మోజు తగ్గుతుంది. మీరు వెళ్లే దూరం ఒక వైపు 100 కిలోమీటర్ల లోపు అయితే నిశ్చింతగా కొనండి. అంతకు మించి, నెలకు నాలుగు సార్లు అంటే ప్రస్తుతానికి డీజిల్‌తోనే ఉండటం మంచిది.

ప్రశ్న: కొనే ధర ఎక్కువ, నడిపే ఖర్చు తక్కువ అంటారు. చివరికి మిగిలేదెంతో తేల్చుకోవడం ఎలా?

జవాబు: ముందుగా, ఆవిష్కరణ సభలో చెప్పిన ధరతో లెక్క మొదలుపెట్టకండి. సైబర్‌ట్రక్‌ను 2019లో చూపించినప్పుడు 39,900 డాలర్ల నుంచి అన్నారు, 2023 చివర అమ్మకం మొదలయ్యే నాటికి అన్నిటికంటే చవక రకానికి పెట్టిన ధర 60,990 డాలర్లు. లైట్నింగ్ చవక రకాన్ని 2021లో 40,000 డాలర్ల లోపే ప్రకటించారు, 2023 మార్చికి అది దాదాపు 60,000కు ఎక్కి, అదే ఏడాది జులైలో 50,000కు దిగింది. మార్చిలో కొన్నవారి బండి విలువ జులైలో ఏమైందో ఊహించుకోవచ్చు. 2025 డిసెంబరులో ఫోర్డ్ పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్ తయారీకే స్వస్తి చెప్పి, తరువాతి బండిలో బ్యాటరీని నింపే చిన్న ఇంజిన్ కూడా ఉంటుందని ప్రకటించింది. పెద్ద ట్రక్కులో పెద్ద బ్యాటరీ పెట్టి లాభానికి అమ్మడం తయారీదారులకే కష్టంగా ఉందన్నమాట.

నడిపే ఖర్చుకు వద్దాము. లైట్నింగ్ వంటి పికప్ 100 కిలోమీటర్లకు, చార్జింగ్‌లో వృథా అయ్యేదానితో కలిపి, సుమారు 30 యూనిట్లు తీసుకుంటుంది. అంతే పరిమాణం గల పెట్రోలు బండి దాదాపు 12 లీటర్లు తాగుతుంది. కాబట్టి లీటరు పెట్రోలు ధర, యూనిట్ కరెంటు ధరకు రెండున్నర రెట్లు ఉంటే రెండు బండ్ల ఖర్చూ సమానం, అంతకు మించితే ఎలక్ట్రిక్ లాభం. ఇంటి కరెంటుతో ఈ లెక్క సాధారణంగా ఎలక్ట్రిక్ వైపే మొగ్గుతుంది. దారిలోని ఫాస్ట్ చార్జర్ల దగ్గర యూనిట్ ధర ఇంటి ధరకు రెండు మూడు రెట్లు కావచ్చు, అప్పుడు ఆదా దాదాపు మాయమవుతుంది. రాత్రిపూట బండి నిలిపే చోట సొంత చార్జింగ్ లేనివారు గిట్టుబాటు మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఏడాదికి 20,000 కిలోమీటర్లు నడిపితే 6,000 యూనిట్లా, 2,400 లీటర్లా అన్నది మీ ధరలతో గుణించి చూడండి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ల ఖర్చు ఉండదు, బ్రేకు ప్యాడ్లు చాలాకాలం మన్నుతాయి. ఆ ఆదాలో కొంత టైర్లు తినేస్తాయి. ఇంత బరువు, ఇంత చురుకుదనం కలిస్తే టైర్లు త్వరగా అరుగుతాయి, ఆ బరువును మోసే టైర్ల ధరా ఎక్కువే. బీమా ఎంతో కొనకముందే అడిగి తెలుసుకోండి. రెండు బండ్ల ధరల తేడాను ఏటా మిగిలే సొమ్ముతో భాగిస్తే ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో తేలుతుంది. ఆ కాలం మీరు బండి ఉంచుకోదలచిన కాలం కంటే ఎక్కువైతే కొనడానికి సుఖం కారణం కావచ్చునేమో కానీ, పొదుపు కాదు.

రోజుకు 80 కిలోమీటర్లు తిరిగేవారు 500 కిలోమీటర్ల బ్యాటరీకి డబ్బు పోయడం నాకు అర్థం కాని విషయం. అది ధరనూ బరువునూ పెంచి, వాడని సామర్థ్యాన్ని రోజూ మోయిస్తుంది. నన్నడిగితే చిన్న బ్యాటరీ ఉన్న, రెండు మూడేళ్ల వయసున్న పాత బండి కొంటాను. ధర పడిపోయిన నష్టాన్ని మొదటి యజమానే భరించి ఉంటాడు, సాధారణంగా ఎనిమిదేళ్లుండే బ్యాటరీ వారంటీలో సగానికి పైగా మిగిలే ఉంటుంది. బ్యాటరీలో ఇంకా ఎంత సామర్థ్యం మిగిలి ఉందో కంపెనీ వర్క్‌షాపులో పరీక్ష చేయించి, కాగితం మీద రాయించుకున్న తరువాతే బేరం ఆడండి.

ప్రశ్న: తొట్టిలోని ప్లగ్గులతో పనిముట్లు నడుపుకోవచ్చట. దానికోసం ఖరీదైన రకం కొనవచ్చునా?

జవాబు: ఇప్పుడు జనరేటరు మోసుకెళ్లేవారైతే కొనవచ్చు. లైట్నింగ్‌లో పై రకాలు 9.6 కిలోవాట్ల వరకు ఇస్తాయి, వెల్డింగుకూ కోత యంత్రాలకూ అది చాలు. రోజంతా పనిచేసి 24 యూనిట్లు వాడితే సుమారు 90 కిలోమీటర్ల రేంజ్ తగ్గుతుంది కనుక తిరుగు ప్రయాణానికి లెక్క చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఇంటికి వాడుకోవాలంటే మాత్రం ఇంటి లైనుకు విడిగా పరికరాలు బిగించాలి, వాటి ఖర్చు వేరే. ఏడాదికి ఒకటి రెండు సార్లు డ్రిల్లింగ్ మెషిను పెట్టుకోవడానికైతే మామూలు రకం తీసుకుని, మెషినుకు రెండో బ్యాటరీ కొనుక్కోండి.