సర్కారు బీమానా, సొంత పొదుపా?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు, ఆటో నడుపుతాను. ప్రభుత్వ బీమా, పింఛను పథకాలు దండగనీ, ఆ డబ్బుతో చిట్టీ వేసుకోమనీ మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చిట్టీ పాడుకునేదాకా ప్రమాదం ఆగదు కదా! బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో సురక్షా బీమా (ప్రమాద బీమా), 436తో జీవన్ జ్యోతి (జీవిత బీమా) తీసుకోండి. ప్రమాదంలో పోతే రెండూ కలిపి కుటుంబానికి 4 లక్షలు, జబ్బుతో పోతే జీవన్ జ్యోతి 2 లక్షలే. మే నెలాఖరుకు ఖాతాలో 456 ఉంచండి. లేకపోతే బీమా ఆగిపోతుంది. మళ్లీ చేరినా, మొదటి 30 రోజుల్లో జబ్బు మరణానికి జీవన్ జ్యోతి వర్తించదు. నామినీ పేరు సరిచూసుకోండి.

పింఛను దగ్గర మాత్రం మీ మిత్రుల అనుమానం సగం సబబే. అటల్ పింఛను పథకంలో నెలకు 577 కడితే 60 దాటాక నెలకు 5,000 హామీ. ధరలతోపాటు అది పెరగదు. కాబట్టి చేరండి, పక్కన ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా పీపీఎఫ్‌లోనూ కొంత వేయండి.