సీసాలో తేలిన సంగతి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రాత్రే చదివాను. ఆపకుండా చదివించింది. కానీ ‘ఎల్‌ఎస్‌డీ క్రోమోజోములను తెంపుతుందని తేలింది’ అని, భ్రాంతులు పుట్టించే ఆ మత్తుమందు గురించి రాసినచోట నా పెన్సిల్ ఆగింది. ఎక్కడ తేలింది? ల్యాబు సీసాలో. ఆ సీసా నీ వ్యాసంలో కనపడదు.

మన రక్తంలో తిరిగే తెల్లకణాలు మామూలుగా విభజన చెందవు. అందుకే కల్చర్ పెట్టేటప్పుడు, అంటే వాటిని సీసాలో పెంచేటప్పుడు, విభజన మొదలయ్యేలా పీహెచ్ఏ కలుపుతారు. రాజ్మా గింజల నుంచి తీసే పదార్థమే అది! 37 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచి, కోల్చిసిన్ అనే రసాయనంతో విభజనను మధ్యలో ఆపి, కణాలను ఉబ్బించి, స్లైడ్ మీద చుక్కలుగా వేస్తారు. అప్పుడు ఒక మనిషి కూర్చుని, కళ్లు లాగేదాకా, విరిగిన క్రోమోజోములెన్నో లెక్కపెట్టాలి. ఏ మందూ కలపని సీసాలోనూ కొన్ని విరిగే ఉంటాయి. ఇదంతా రాయి. పాఠకుడికి విసుగు రాదు, నాదీ హామీ.

1967లో కోహెన్ బృందం ‘సైన్స్’ పత్రికలో చెప్పింది, ఎల్‌ఎస్‌డీ కలిపిన కల్చర్లలో ఈ విరుగుళ్లు పెరిగాయని. వార్తాపత్రికలు దాన్ని పుట్టబోయే పిల్లల దాకా లాక్కెళ్లాయి. 1971లో అదే పత్రికలో డిషాట్‌స్కీ బృందం 68 అధ్యయనాలు, కేసు రిపోర్టులు జల్లెడపట్టి, శుద్ధమైన ఎల్‌ఎస్‌డీ మితమైన మోతాదులో ఒంట్లోని క్రోమోజోములను దెబ్బతీయదని తేల్చింది. ఆ మందుకు నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. దాని ప్రమాదాలు దానికున్నాయి, వాటిని వేరే రాయి. కెఫీన్ కూడా మోతాదు బాగా పెంచితే కల్చర్‌లో క్రోమోజోములను విరుస్తుంది. అలాగని ఇరానీ చాయ్ తాగేవాళ్ల గురించి ఏం రాస్తాం?

నేనూ ఇలాగే రాశాను ఒకప్పుడు, ఒక జుట్టు రంగు మీద. నెలలు నిండిన ఒకావిడ చిక్కడపల్లి నుంచి బస్సెక్కి ఆఫీసుకొచ్చి, ‘బిడ్డ బాగానే పుడుతుందా సార్?’ అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ వ్యాసంలో నేనూ సీసా ఊసెత్తలేదు.

రెండో పేజీ మళ్లీ రాసి పంపు. టెన్షన్ పడకు, ఆదివారం దాకా టైముంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు