వాటర్‌షెడ్ నిధులు మంజూరైతే రైతు భూమి పోతుందా?

పోదు, అవి భూమి కొనడానికి ఇచ్చే నిధులు కావు, పట్టా రైతు పేరునే ఉంటుంది. వాటర్‌షెడ్ అంటే పడిన వాన నీరంతా ఒకే వాగుకో చెరువుకో చేరే ప్రాంతం; అక్కడ వాన నీటి పరుగును తగ్గించి మట్టిని నిలిపే పనులకే ఆ డబ్బు. ప్రధానమంత్రి కృషి సించాయి యోజనలోని వాటర్‌షెడ్ పనులకు మన ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి.

పని కొండ మీద మొదలై పల్లానికి దిగాలి. విశాఖకు తాగునీరిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయాన్నే తీసుకోండి: ఎగువ వాలు బోడిగా ఉంటే వాన పడినప్పుడల్లా మట్టి కొట్టుకొచ్చి జలాశయం అడుగున పేరుకుంటుంది, నిల్వ తగ్గుతుంది. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, వాగుల్లో రాతికట్టలు వేస్తే మట్టి అక్కడే ఆగుతుంది, నీరు ఇంకుతుంది.

వాటర్‌షెడ్ అంటే చెక్‌డ్యామే అనుకునేవారు చాలామంది (కంటికి కనిపించేది అదే కాబోలు). పైన మట్టిని ఆపకుండా కింద కడితే ముందు పూడిపోయేది ఆ చెక్‌డ్యామే.