ఎడిటర్ కోసం అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి విజయనగరంలో బీసీఏ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. అందులో ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ అనే ఎడిటర్ తెరిస్తే కదలడం లేదని, కొత్తది కొనమని అడుగుతోంది. తెలుగులో కథలు కూడా రాస్తుంది, అవి వర్డ్‌లో. రెండింటికీ పనికొచ్చే ఎడిటర్ ఉందా? అప్పు చేసైనా కొనమంటారా?
- ఒక తండ్రి

జవాబు: అప్పు మాత్రం చేయకండి. ఏ ఎడిటర్ వాడతావని అడిగి ఉద్యోగం ఇచ్చినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. పరీక్షలో బ్రౌజర్ పెట్టెలోనో తెల్ల కాగితం మీదో ప్రోగ్రాం రాయమంటారు.

అలాగని మీ అమ్మాయి చెప్పేది అబద్ధమూ కాదు. 2015లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన వీఎస్ కోడ్ ఉచితమే, మంచిదే. కానీ దాని లోపల పనిచేసేది క్రోమ్ బ్రౌజర్ ఇంజనే. దానికి తోడు ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కు తగిలించుకునే అదనపు హంగులు), పక్కన పది ట్యాబులు తెరిచిన క్రోమ్ ఉంటే 4 జీబీ ఏం సరిపోతుంది? ముందు అక్కర్లేని ఎక్స్‌టెన్షన్లన్నీ తీసేసి చూడమనండి. అయినా కదలకపోతే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసుకోమనండి. 2003 నుంచి ఉన్నది, విండోస్‌లో చాలా తేలిగ్గా నడుస్తుంది, పైసా ఖర్చు లేదు. విండోస్ బదులు లినక్స్ ఉంటే జీనీ అనే ఎడిటర్. కాలేజీ ల్యాబ్‌లో వీఎస్ కోడ్ ఉంటే అక్కడ అదే వాడుకోవచ్చు. ఫైలు ఒక్కటే, ఎందులో తెరిచినా తెరుచుకుంటుంది. ఒకప్పుడు కుర్రాళ్లు ఎగబడి వాడిన ఆటమ్ అనే ఎడిటర్‌ను 2022 డిసెంబరులో ఆపేశారు. దాంట్లో రాసుకున్నవాళ్ల ప్రోగ్రాములకు ఏమీ కాలేదు, ఇంకో ఎడిటర్‌లో తెరుచుకున్నారు.

వర్డ్‌లో మాత్రం ప్రోగ్రాం రాయనివ్వకండి. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం వర్డ్‌లో టైప్ చేసి, కాపీ చేసి, ఎర్రర్ ఎందుకొస్తోందో తెలియక రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. తీరా చూస్తే వర్డ్ నిటారు కోట్ గుర్తులను అందం కోసం వంకర గుర్తులుగా మార్చేసింది. పైథాన్‌కు ఆ వంకరవి పనికిరావు. ట్యాబులు, స్పేసులు కలిపేసినా అది ఒప్పుకోదు. ట్యాబ్ నొక్కితే స్పేసులే పడేలా ఎడిటర్ సెట్టింగుల్లో ఒకసారి మార్చుకుంటే చాలు.

ఇక కథల సంగతి. తెలుగు కూడా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో హాయిగా రాసుకోవచ్చు, కాకపోతే ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) మెనూలో యూటీఎఫ్-8 ఎంచుకుని ఉందో లేదో చూసుకోవాలి. తెలుగు పట్టని పాత పద్ధతి ఆన్సీ అని ఉండగా సేవ్ చేస్తే మర్నాటికి కథ నిండా ప్రశ్నార్థకాలే మిగులుతాయి. కోడింగ్ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉండేలా చేసినవి కాబట్టి ఒత్తుల దగ్గర కర్సర్ కాస్త తికమక పెడుతుంది. అది అలవాటైపోతుంది. ఊళ్లో డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన పాత కథలుంటే మాత్రం అవి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ వాడే ఉమ్మడి పద్ధతి) కావు. ఏ ఎడిటర్‌లో తెరిచినా పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి, ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి. పత్రికకు పంపేటప్పుడు పేజీ అందంగా ఉండాలంటే చివర్లో వర్డ్ లాంటిదే అయిన ఉచిత లిబ్రే ఆఫీస్‌లో పెట్టుకుంటే సరి.

సీనియర్లు విమ్ అనే ఎడిటర్ గొప్పదని ఊదరగొడుతుంటారు. సర్వర్ల మీద పని చేయాల్సి వస్తే అది కొంత తెలిసుండాలి. అందులోంచి బయటికి రావడం తెలిస్తే ప్రస్తుతానికి చాలు: ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్. సేవ్ చేయనిది పోతుందని మరచిపోకూడదు.

మీరు చేయాల్సింది ఒకటుంది. ల్యాప్‌టాప్‌ను రిపేరు షాపుకు తీసుకెళ్లి ర్యామ్ పెంచే వీలుందేమో అడగండి. కొన్ని పలచటి మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, కుదరదు. లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు ఎస్ఎస్‌డీ (అంతకంటే వేగంగా పనిచేసే డిస్క్) వేయించినా తేడా బాగా తెలుస్తుంది. రెండూ కుదరకపోతే, చివరి సంవత్సరం ప్రాజెక్టు మొదలయ్యే ముందు మళ్లీ రాయండి, అప్పుడు కొత్త ల్యాప్‌టాప్ మాట ఆలోచిద్దాం.