అల్లుడికి, మాల తీశాక

అల్లుడూ,

మాల తీసిన వారానికే మళ్లీ తాగడం మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. తిట్టడానికి రాయడం లేదురా. నేనూ మూడుసార్లు మాల వేసుకున్నవాణ్ణే. మూడుసార్లూ కొండ దిగి ఇంటికొచ్చిన కొద్దిరోజులకే వైన్‌షాపు ముందు నిలబడ్డాను. చివరిసారి తాగి ఇప్పటికి 14 ఏళ్లు.

41 రోజులు నువ్వు చుక్క ముట్టలేదు. ఆ 41 రోజులూ నిన్ను నిలబెట్టింది ఏమిటో ఆలోచించావా? అయ్యప్ప మీద భక్తి సరే. దాంతోపాటు తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానానికి లేపే స్వాములున్నారు, సాయంత్రం భజన ఉంది, రోజుకో ఇంట్లో భిక్ష ఉంది, మనసు చెదిరితే చెప్పుకోడానికి గురుస్వామి ఉన్నాడు. సరిగ్గా మందు గుర్తొచ్చే వేళకి నీ చుట్టూ పదిమంది ఉన్నారు. మాల తీయగానే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి నిన్ను వెళ్లమంటున్నది అందుకే. అక్కడ మాల తీసే రోజంటూ ఉండదు.

అయితే ముందు డాక్టరు. పొద్దున్నే కాస్త పడకపోతే చేతులు వణుకుతున్నాయట కదా. ఆ స్థితిలో ఉన్నవాడు పట్టుదలకి పోయి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడి మతి తప్పవచ్చు, ప్రాణం మీదకే రావచ్చు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి వెళ్లు, లేదా దగ్గర్లో సైకియాట్రిస్టుకి చూపించుకో. ఎంత తాగుతున్నావో దాచకుండా చెప్పు. ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14446కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. మీటింగు మందులకి బదులు కాదు, రెండూ కావాలి.

ఇంకోటి, మీ అమ్మకి గట్టిగా చెప్పాను, నువ్వూ తెలుసుకో. తాగుడు మాన్పించే బిళ్లలని ఎవరో ఇస్తే పెరుగన్నంలో కలిపి పెడదామనుకుంది. ఆ బిళ్ల కడుపులో ఉండగా తెలియక తాగితే గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణాపాయం. డాక్టరు చూసి రాసి, నీకు తెలిసి, నువ్వు ఒప్పుకుని వేసుకోవలసిన మందు అది.

మీటింగు వెతకడం కష్టం కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇండియా వెబ్‌సైటు చూడు. అక్కడి నంబరుకి ఫోన్ చేసి మూడే అడుగు: ఆ మీటింగు ఇప్పటికీ నడుస్తోందా, తెలుగులో జరుగుతుందా, ఓపెనా క్లోజ్‌డా. ఓపెన్ అంటే ఇంట్లోవాళ్లనీ తీసుకెళ్లొచ్చు, క్లోజ్‌డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. చేరడానికి ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. చివర్లో తిప్పే పెట్టెలో వెయ్యాలనిపిస్తే వేస్తావు, లేకపోతే లేదు. నెలకింత అని వసూలు చేసి గదిలో పెట్టి తాళం వేసే చోట్లు వేరు, వాటిని ఇదనుకోకు. గది చర్చి ఆవరణలో ఉందని వెనక్కి రాకు. అద్దెకి తీసుకున్న గది అది, నీ అయ్యప్పని ఎవరూ వదిలేయమనరు.

మొదటిసారి నేను ఆ గేటు ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్లిపోయాను. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని సిగ్గు. మూడోసారి లోపలికెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. ఒక పెద్దాయన టీ తెచ్చాడు. అందరికీ నిండా పోసి, నాకు మాత్రం సగం గ్లాసే ఇచ్చాడు. చిన్నబుచ్చుకున్నాను. గ్లాసు పట్టుకున్నాకగానీ అర్థం కాలేదు. నా చెయ్యి వణకడం ఆయన చూశాడు, ఒలకకూడదని సగమే పోశాడు. ఒకప్పుడు ఆయన చెయ్యీ అలాగే వణికి ఉంటుంది. మా ఇంట్లో అంత ప్రేమించినవాళ్లకి కూడా తెలియని సంగతి ఆయనకి తెలుసు. ఆ రోజు ఎవరేం మాట్లాడారో గుర్తులేదు, ఆ సగం గ్లాసు గుర్తుంది.

నువ్వు మొదటిరోజే మాట్లాడక్కర్లేదు. నీ వంతు వస్తే పేరు చెప్పి, వింటానని చెప్పు. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. అక్కడ విన్నది అక్కడే వదిలి రా. పది నిమిషాలు ముందే వెళ్లు, అయిపోయాక వెంటనే లేచి రాకు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంటుంది. ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకో. ఈ సంఘం పుట్టిందే ఒక ఫోన్‌కాల్‌తో. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో, పని చెడిపోయి హోటల్లో ఒంటరిగా ఉన్న ఒకాయనకి తాగాలనిపించింది. బార్ వైపు వెళ్లకుండా, తనలాంటి తాగుబోతు ఇంకొకడు ఎక్కడున్నాడో కనుక్కోవడానికి ఫోన్లు చేశాడు. అలా ఒక డాక్టరు దొరికాడు. అవతలివాడికి సాయం చేయబోయి తనూ నిలబడ్డాడు. నువ్వు కూడా తాగాక కాదు, తాగకముందు ఫోన్ చెయ్యాలి.

ఒక్క మీటింగుతో నచ్చలేదని తేల్చకు. ఆరేడు చూడు, ఒకచోట కుదరకపోతే ఇంకోచోటికి వెళ్లు. మధ్యలో జారితే మర్నాడే వెళ్లి కూర్చో, ఎవరూ ముఖం తిప్పుకోరు. నేనూ జారాను, రెండోనెలలో.

మీ ఆవిడకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. నువ్వు మానినా మానకపోయినా తనని వెళ్లనివ్వు. ఇన్నేళ్లూ తనూ ఒంటరిగానే మోసింది.

శనివారం మీటింగు గేటు దగ్గరికి వచ్చాక కాళ్లు ఆగితే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు లోపలికెళ్లి కూర్చునేదాకా మాట్లాడుతూనే ఉంటాను.

నీ మావయ్య