మొదటి బైట్‌కాస్టర్: 200 డాలర్లలోపు ఏది కొనాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. డాలస్ దగ్గర ఉంటున్నారు. రెండేళ్లుగా స్పిన్నింగ్ రీల్‌తో బాస్ చేపలు పట్టడానికి వెళ్తున్నారు. ఇప్పుడు మొదటిసారి బైట్‌కాస్టర్ (విసిరినప్పుడు దారం చుట్టిన స్పూలే తిరిగే రకం గాలపు రీల్) కొనాలి, బడ్జెట్ 200 డాలర్లు. షిమానో ఎస్‌ఎల్‌ఎక్స్ డీసీ, కురాడో, డైవా టాటులా, ఈ మూడింటి మధ్య తేల్చుకోలేకపోతున్నారు.

నేనూ ఈ దారిలోనే వచ్చాను. ప్రస్తుతం గరాజ్‌లో నాలుగు బైట్‌కాస్టర్లు ఉన్నాయి. అందులో రెండు తెలియక కొన్నవి, గోడకి వేలాడుతున్నాయి. కాబట్టి ఏది కొనాలనే దానికంటే ఎలా కొనకూడదో కాస్త బాగా చెప్పగలను.

సూటిగా జవాబు కావాలంటే: 130 నుంచి 150 డాలర్ల మధ్య దొరికే రీల్ ఒకటి తీసుకుని, మిగిలిన డబ్బు లైన్‌కీ (గాలపు దారానికి) రెండు మూడు మంచి లూర్లకీ (కృత్రిమ ఎరలకి) పెట్టండి. మీరు చెప్పిన మూడూ మంచివే. ఈ ధరలో పేరున్న కంపెనీల రీళ్ల మధ్య తేడా చేపకి తెలియదు, మొదటి ఏడాది మీకూ తెలియదు. తేడా తెలిసేది మూడు చోట్ల: హ్యాండిల్ ఏ వైపు ఉంది, బ్రేక్ ఎలా పనిచేస్తుంది, గేర్ రేషియో ఎంత.

హ్యాండిల్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నా మొదటి తప్పు అదే. స్పిన్నింగ్ రీల్‌కి హ్యాండిల్ ఊడదీసి ఇటు నుంచి అటు మార్చుకోవచ్చు. బైట్‌కాస్టర్‌కి అది కుదరదు. ఏ వైపుది కొంటే ఆ వైపే. నేను ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేటప్పుడు 'రైట్ హ్యాండ్' అని కనిపిస్తే, నాది కుడిచేతి వాటమే కదా అని అదే నొక్కాను. తీరా పెట్టె విప్పితే హ్యాండిల్ కుడివైపు ఉంది. అంటే కుడిచేత్తో విసిరి, లూర్ గాల్లో ఉండగానే రాడ్‌ని ఎడమ చేతికి మార్చుకుని, మళ్లీ కుడిచేత్తో తిప్పాలి. ఇక్కడ చాలామంది పాతకాపులు అలాగే చేస్తారు, వాళ్లకది అలవాటు. నాకు మాత్రం రెండేళ్లు ఎడమ చేత్తో తిప్పిన అలవాటు. లూర్ నీళ్లలో పడగానే బాస్ అందుకుంటే, చేతులు మార్చుకునే లోపే ఉమ్మేసి పోయేది. మీరు స్పిన్నింగ్ రీల్‌ని ఎడమ చేత్తో తిప్పుతుంటే లెఫ్ట్ హ్యాండ్ మోడలే తీసుకోండి. టాటులా పేరు చివర ఎల్ అని ఉంటే అది ఎడమది. షిమానోలో 150, 200 అనే అంకెలు కుడివి, 151, 201 ఎడమవి.

ఇక బ్రేక్. అసలు కథంతా ఇక్కడే ఉంది.

స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ కదలదు, దారం దాని మీద నుంచి జారి పోతుంది. బైట్‌కాస్టర్‌లో స్పూలే తిరుగుతుంది. మీరు విసిరిన క్షణంలో స్పూల్ నిమిషానికి వేల చుట్ల వేగం అందుకుంటుంది. లూర్‌ని గాలి ఆపుతుంది, అది నెమ్మదిస్తుంది. స్పూల్ మాత్రం ఆ సంగతి తెలియనట్టు అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. బయటికి పోవాల్సిన దారం పోక లోపలే ఉబ్బి చిక్కుపడుతుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. బ్రేక్ ఉన్నది దీని కోసమే. డ్రాగ్ వేరు, అది చేప లాగినప్పుడు పనిచేసేది. కొత్తలో నేను ఈ రెండూ ఒకటే అనుకుని డ్రాగ్ బిగించి విసిరాను!

బ్రేకులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి అయస్కాంతాలతో పనిచేసేది. పక్కన బయటే డయల్ ఉంటుంది, గాలి మారితే వేలితో తిప్పుకోవచ్చు. డైవా వాళ్ల మాగ్‌ఫోర్స్ ఈ రకమే. రెండోది సెంట్రిఫ్యూగల్. స్పూల్ వేగంగా తిరిగేటప్పుడు లోపలున్న చిన్న బ్రేక్ ముక్కలు బయటికి జరిగి ఒక రింగ్‌కి రాసుకుంటాయి. వేగం ఉన్నప్పుడే గట్టిగా పట్టి, తర్వాత వదిలేస్తుంది కాబట్టి దూరం బాగా పోతుంది. కానీ వాటిలో ఎన్ని పనిచేయాలో మార్చుకోవాలంటే చాలా రీళ్లలో పక్క మూత తెరవాలి. కురాడోలో ఉండే ఎస్‌వీఎస్ ఇన్ఫినిటీ ఈ జాతిదే అయినా, లోపలి ముక్కలతో పాటు బయట డయల్ కూడా ఇచ్చారు, అది సౌకర్యమే. ల్యూస్ రీళ్లలో కొన్నింటికి రెండు రకాల బ్రేకులూ ఉంటాయి.

మూడోది మీరు అడిగిన డీసీ. స్పూల్ ఎంత వేగంగా తిరుగుతోందో ఒక చిన్న చిప్ చూస్తూ, అవసరమైనంత బ్రేక్ వేస్తుంది. బ్యాటరీ ఉండదు, స్పూల్ తిరిగితే పుట్టే కరెంటే దానికి తిండి. విసిరినప్పుడు గుయ్‌మని ఒక కూత వస్తుంది. కొందరికి ఆ శబ్దం చిరాకు, నాకు సరదా. మా లేక్ స్నేహితుడి ఎస్‌ఎల్‌ఎక్స్ డీసీతో రెండు శనివారాలు విసిరాను. నాలుగు సెట్టింగులే ఉంటాయి, పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఎదురుగాలిలో నిజంగానే కాపాడింది. ఉత్తర టెక్సాస్‌లో మార్చి, ఏప్రిల్ గాలులు మీకు తెలిసినవే, సరిగ్గా బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే రోజులవి. అయితే నేను దాన్ని మొదటి రీల్‌గా కొనమనను. చిప్ మీ బొటనవేలి పనిని కొంత చేసిపెడుతుంది గానీ మొత్తం చేయదు. లూర్ నీళ్లను తాకే క్షణంలో స్పూల్ మీద వేలు ఆనించి ఆపాల్సింది మీరే. అది నేర్చుకోకుండా డీసీతో మొదలుపెడితే రేపు మామూలు రీల్ చేతికిస్తే మళ్లీ అ ఆ ల నుంచి మొదలు. వారానికి ఒక్కసారి, అదీ గంటసేపు మాత్రమే వెళ్లగలను, నేర్చుకునే ఓపిక లేదు అంటే మాత్రం డీసీయే తీసుకోండి, అందులో తప్పేమీ లేదు.

నేను ఎక్కువగా వాడేది టాటులా. విసిరేటప్పుడు దారం బయటికొచ్చే దారి ఇంగ్లీష్ టీ అక్షరంలా ఉంటుంది. విసిరినప్పుడు వెడల్పాటి భాగం ముందుకొస్తుంది, దారం రాపిడి లేకుండా పోతుంది. తిప్పేటప్పుడు సన్నటి భాగంలోకి దిగుతుంది. ఇందులోనే ఎస్‌వీ స్పూల్ ఉన్న మోడల్ 200కి అటూ ఇటూగా ఉంటుంది. స్పూల్ తేలిక, బ్రేక్ తీరు మెత్తన. తేలిక లూర్లు ఎక్కువ వాడేవారికి అది విలువైనదే. మామూలు టాటులా 100తో కూడా 10 గ్రాములు దాటిన లూర్ ఏదైనా హాయిగా పోతుంది.

ఆ 10 గ్రాముల మాట ముఖ్యం. ఔన్సులో మూడు ఎనిమిదో వంతు అన్నమాట. అంతకంటే బాగా తేలికైన లూర్లకు, అంటే చిన్న నెడ్ రిగ్, డ్రాప్ షాట్ లాంటి వాటికి మీ పాత స్పిన్నింగ్ రీలే మేలు. దాన్ని అమ్మేయకండి. బైట్‌కాస్టర్ వచ్చేది బరువైన వాటికి: స్పిన్నర్‌బైట్, జిగ్, క్రాంక్‌బైట్, టెక్సాస్ రిగ్, కప్ప లూర్.

కప్ప లూర్ అనగానే ఒక మాట. మాది కొల్లేరు వైపు. చిన్నప్పుడు వెదురు కర్ర, బెండు, వానపాము తప్ప వేరే సరంజామా తెలియదు. కొర్రమీను నాచులో దాక్కుని, పైన కప్ప కదిలితే ఒక్కసారిగా లేచి మింగడం మాత్రం చూసి ఉన్నాను. లార్జ్‌మౌత్ బాస్‌ది కూడా సరిగ్గా అదే బుద్ధి. ఇప్పుడు మన దగ్గర కూడా కుర్రాళ్లు కొర్రమీను కోసం ఇవే రబ్బరు కప్పలు, ఇవే బైట్‌కాస్టర్లు వాడుతున్నారు. నాచులోంచి చేపను బలంగా లాగాలి కాబట్టి రెండింటికీ ఒకే రకం సరంజామా సరిపోతుంది.

గేర్ రేషియో దగ్గర నా రెండో తప్పు జరిగింది. 8.1 అని రాసి ఉంటే, అంకె పెద్దది కదా ఇంకా గొప్పది కాబోలు అనుకున్నాను. 8.1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ 8.1 చుట్లు తిరుగుతుంది, సుమారు 33 అంగుళాల దారం లోపలికొస్తుంది. 6.3 అయితే సుమారు 26 అంగుళాలు. ఆ వేగం రీల్‌కి లోతుకు దిగే క్రాంక్‌బైట్ కట్టి లేక్ రే రాబర్ట్స్‌లో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిప్పాను. నీళ్లలో అది మొండిగా లాగుతుంది, గేర్ సాయం తక్కువ. సాయంత్రానికి మణికట్టు వాచింది. ఇంట్లో ఆఫీసు పనివల్ల అని అబద్ధం చెప్పాను. పైగా తెలియకుండానే లూర్‌ని అతి వేగంగా లాగేశానేమో, ఒక్క చేపా పడలేదు. క్రాంక్‌బైట్లే మీ ప్రధాన లూర్లయితే 5 నుంచి 6.3 మధ్యది, జిగ్‌లు, టెక్సాస్ రిగ్, కప్పలు అయితే 7 పైబడినది. ఒక్కటే రీల్ అంటున్నారు కాబట్టి 7కి అటూ ఇటూ ఉన్నది కొనండి. వేగం రీల్‌ని నెమ్మదిగా తిప్పొచ్చు, నెమ్మది రీల్‌ని వేగంగా తిప్పడం కష్టం.

బేరింగుల సంఖ్య చూసి మోసపోకండి. పది బేరింగులు, పన్నెండు బేరింగులు అని డబ్బా మీద పెద్దక్షరాలతో వేసి 45 డాలర్లకు అమ్మిన ఒక రీల్ నా దగ్గరే ఉంది. కంపెనీ పేరెందుకులెండి. రెండో నెలకే బ్రేక్ డయల్ వదులై తనంతట తాను తిరిగేది. స్పూల్‌ని పట్టుకునే రెండు మూడు మంచి బేరింగులు, వంగని ఫ్రేమ్, జారుడు సాఫీగా ఉండే డ్రాగ్, ఇవి చాలు. డ్రాగ్ ఎన్ని పౌండ్లు అన్నది కూడా నేను పట్టించుకోను. మనకు రోజూ పడేవి రెండు మూడు పౌండ్ల చేపలు. టెక్సాస్ రికార్డు బాస్ కూడా, 1992లో లేక్ ఫోర్క్‌లో పడింది, 18.18 పౌండ్లు. ఈ ధరలోని ఏ రీల్ అయినా దాన్ని ఆపగలదు, మనకు పడితే.

లైన్ విషయం. మొదటి నెల ఫ్లోరోకార్బన్ జోలికి పోకండి. ఖరీదు ఎక్కువ, బిరుసు, చిక్కుపడితే మడత పడి అక్కడే తెగుతుంది. 12 లేదా 14 పౌండ్ల మామూలు మోనో (ఒంటి పోగు నైలాన్ దారం) చుట్టి నేర్చుకోండి, పాడైతే పారేసినా బాధుండదు. చేయి కుదిరాక 40 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) వేసుకోవచ్చు, మందం 10 పౌండ్ల మోనో అంతే ఉంటుంది. అయితే బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్‌కి కడితే జారి తిరుగుతుంది. కింద కొంచెం మోనో చుట్టి దాని మీద చుట్టాలి. రాడ్ ఏడడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ అని రాసి ఉన్నది. ఇంతకు మించి మొదట్లో ఆలోచించక్కర్లేదు.

రీల్ వచ్చాక నేరుగా లేక్‌కి వెళ్లకండి. ముందు ఇంటి వెనక గడ్డి మీద, కొక్కెం లేని అర ఔన్సు బరువు కట్టి విసరండి. హ్యాండిల్ పక్కనే ఒక చిన్న మర ఉంటుంది, స్పూల్ టెన్షన్ అంటారు. స్పూల్‌ని వదిలే బటన్ నొక్కితే బరువు మెల్లగా కిందికి దిగాలి, నేలకు తగలగానే స్పూల్ ఆగిపోవాలి, అంతవరకు ఆ మర బిగించండి. బ్రేక్ డయల్‌ని దాదాపు పూర్తిగా పెట్టండి. దూరం పోదు, పోనివ్వండి. పది పదిహేను విసుర్లు చిక్కు లేకుండా పడ్డాక ఒక్కో గీత తగ్గించుకుంటూ రండి. కొరడా ఝుళిపించినట్టు విసరొద్దు, బరువుని ఊపి వదిలినట్టు విసరండి.

అయినా చిక్కు పడుతుంది. మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒకరోజు ఒడ్డున నా పక్కన కూర్చున్నారు. నేను పెద్ద చిక్కు ఒకటి చేసి, చిరాగ్గా దారం లాగుతుంటే, "లాగకు బాబూ, వదులు చెయ్యి" అని రీల్ తీసుకున్నారు. ఆయనకి బైట్‌కాస్టర్ అంటే ఏమిటో తెలియదు, వలలు చిక్కు తీసిన చేతులు. ఒక్కో ఉచ్చుని వేలితో ఎత్తుతూ ఇరవై నిమిషాల్లో మొత్తం తీసేశారు. లాగితే ఉచ్చు బిగుస్తుంది, అంతే దాని రహస్యం. చిన్న చిక్కులకు ఇంకో కిటుకు: డ్రాగ్ బిగించి, బొటనవేలితో స్పూల్‌ని గట్టిగా నొక్కి పట్టి, హ్యాండిల్ నాలుగైదు చుట్లు తిప్పండి. తర్వాత బటన్ నొక్కి దారం మెల్లగా లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది.

చివరగా లైసెన్స్ గురించి కూడా అడిగారు. టెక్సాస్‌లో స్టేట్ పార్కు ఒడ్డు నుంచి పడితే లైసెన్స్ అక్కర్లేదు, పార్కు ఎంట్రీ ఫీజు కడితే చాలు. ప్రాక్టీసుకి రే రాబర్ట్స్ స్టేట్ పార్కు అందుకే నాకిష్టం. లేక్ ఫోర్క్‌కి వెళ్తే మాత్రం లైసెన్స్ ఉండాలి, 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని తిరిగి వదిలేయాలి.

నా ఓటు మామూలు టాటులా 100కి, గేర్ 7.1, ఎడమ హ్యాండిల్. కురాడో మంచి సేల్‌లో కనిపిస్తే అది. కొనేముందు షాపుకెళ్లి ఒక్కసారి అరచేతిలో పట్టుకుని చూడండి. నా చేతికి టాటులా సరిగ్గా ఇమిడింది, మా స్నేహితుడికి అదే లావుగా అనిపించి ఎస్‌ఎల్‌ఎక్స్‌కి వెళ్లాడు.